వాయిలాకు నీళ్లు

"నీ బిడ్డ ఏం కొలువు జేస్తది ఎల్లక్కా?" అని ఊళ్లో ఎవరైనా అడిగితే, ఎల్లక్క ఏమాత్రం తడుముకోకుండా, "తానాలు ఎట్ల జెయ్యాల్నో పరీక్ష జేస్తది" అని చెప్పేది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. తానం చెయ్యడానికి పరీక్షలేంది, దానికి సర్కారు జీతమేంది అని బుగ్గలు నొక్కుకునేవాళ్లు. కానీ ఎల్లక్క చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అఖిల పని సరిగ్గా అదే.

పత్తి చేలకు కొట్టే మందుల్లాంటి విషాలు మనిషి చర్మానికి అంటితే వాటిని ఎట్లా తీస్తే పూర్తిగా పోతాయి అన్నది వరంగల్‌లోని ఒక ప్రయోగశాలలో ఆమె తేల్చవలసిన సంగతి. మనుషుల మీద విషం పూసి చూడలేరు గనుక, విషంలాగే చర్మానికి అతుక్కునే ఒక నూనెలో, ఏ హానీ చెయ్యని రంగు కలిపి ముంజేతికి పూస్తారు. తర్వాత ఒక్కొక్క చేతిని ఒక్కో పద్ధతిలో కడుగుతారు. చీకటిగదిలో నీలం దీపం కింద పెడితే, మిగిలిపోయిన రంగు పచ్చగా మెరుస్తుంది. అక్కడితో అయిపోదు. కడిగిన చోట టేపు అతికించి పీకుతారు. టేపుకు కంటికి కనపడనంత పల్చటి పొర ఒకటి ఊడివస్తుంది. అదే చోట మళ్లీ అతికించి, మళ్లీ పీకుతారు. అడుగు పొరల టేపు కూడా మెరిసిందంటే, రంగు పైన పోయినా లోపలికి దిగిందన్నమాట. పైకి శుభ్రంగా కనపడ్డ చెయ్యి నిజంగా శుభ్రమో కాదో చెప్పేది ఆ టేపే.

ప్రయోగశాల పద్ధతులు సరే, ఇళ్లల్లో జనం నిజంగా ఏం చేస్తున్నారో అదీ పరీక్షించాలన్నారు పెద్ద సారు. అందుకని అఖిల, దీపాలూ టేపులూ చూసుకునే ప్రభుదాస్, ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగారు. ప్రభుదాస్ డోర్నకల్ మనిషి, అఖిల కన్నా వయసులో పెద్ద, అయినా ఆమెను అక్కా అనే పిలుస్తాడు. కేసముద్రం దగ్గరి తండాలో చాంద్యా అనే రైతు, మందు కొట్టి వచ్చి చేతులకు కిరసనాయిలు రాసుకోవడం చూశారు. భూపాలపల్లి వైపు ఒక ఊళ్లో కుంకుడు నురుగుతో కడుక్కోవడం చూశారు. ఎక్కడికి పోయినా అఖిల హుషారుగానే పని చేసింది. చివరికి మిగిలింది బచ్చన్నపేట మండలంలోని ఆమె సొంత ఊరు. అక్కడికి వచ్చేసరికి ఆమెకు కాళ్లు సాగలేదు.

కారణం పూర్తిగా ఆమెకొక్కదానికే తెలుసు. ప్రభుదాస్‌కు కొంత తెలుసు.

అఖిల తండ్రి దుర్గయ్య బతికి ఉన్నప్పుడు సొంత చేనుకే కాదు, కూలికి పదిమంది చేలకూ మందు కొట్టేవాడు. పొద్దు గూట్లో పడే వేళకు వీపున పంపుతో, ఒంటికి అతుక్కుపోయిన తడి అంగీతో వచ్చేవాడు. దడి దగ్గరే నిలబడి, ఎదురు ఉరికివచ్చే అఖిలను "రాకు, రాకు బిడ్డా, మందున్నది" అని ఆపేసేవాడు. ఎల్లక్క అప్పటికే తానం చేసే జాలారి పక్కన మూడు రాళ్ల మీద కాగు పెట్టి, పత్తికట్టెతో మంట వేసి, చెరువు గట్టున వావిలి చెట్టు నుంచి తెంపుకొచ్చిన వాయిలాకు అందులో మరిగిస్తూ ఉండేది. వాయిలాకు నీళ్లు మామూలుగా బాలింతలకు పోస్తారు, ఒళ్లు నొప్పులు లాగేస్తాయని. మొగోడికి బాలింత తానమేందని వాడకట్టు ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. "దుర్గన్నా, బిడ్డనా కొడుకా?" అని దారిన పోతూ అడిగేవాళ్లు కూడా ఉండేవాళ్లు. "పంపు పుట్టింది, నా తీరుగనే ఉన్నది" అనేవాడు దుర్గయ్య.

ఎల్లక్క ఇవేమీ పట్టించుకునేది కాదు. పొగలు కక్కే నీళ్లు చెంబుతో ముంచి పోసి, బీరపీచుతో వీపు ఎర్రబడేదాకా రుద్దేది. ఒంట్లోకి పోయిన విషం చెమట పట్టి బయటికి రావాలంటే నీళ్లు ఎంత ఉడుకుగా ఉంటే అంత మంచిదని ఆమె నమ్మకం. ఆయన పళ్లు బిగబట్టి కూర్చుని, మధ్యమధ్య "జర సల్ల నీళ్లు కలుపవే, తోలూడుతది" అని బతిమాలేవాడు. ఆమె కలిపేది కాదు. పైగా ఇంకో చెంబు ఎక్కువ పోసేది. పత్తికట్టె పొయ్యిలోకి ఎగదోయడం అఖిల పని. ఆ మంట వెలుగులో, ఆ ఆవిరిలో, తండ్రి మూలుగుతూనే నవ్వడం, తల్లి తిడుతూనే రుద్దడం చూస్తుంటే ఆ పిల్లకు లోకంలో ఏ భయమూ ఉండేది కాదు. తానం అయ్యాక దుర్గయ్య ఒంటి నుంచి మందు వాసన పోయి ఆకు వాసన వచ్చేది. అప్పుడు గాని ఆయన ఒళ్లోకి పోవడానికి లేదు. అందుకే అఖిలకు ఇప్పటికీ ఎక్కడన్నా వాయిలాకు నలిగితే ముందు గుర్తొచ్చేది నాయిన ఒడి.

పగలంతా కీచులాడుకునే మొగుడూ పెళ్లాలు వాళ్లు. ఒకరి గురించి ఒకరు మంచిమాట చెప్పగా విన్నవాళ్లు లేరు. కానీ ఏడాదిలో మందు కొట్టే రోజులన్నిటా ఆ సాయంత్రం తానం ఒక్కనాడు తప్పలేదు. ఎల్లక్క జొరంతో లేవలేని రోజున కూడా లేచి నీళ్లు కాచింది. అది ప్రేమ కాకపోతే, అఖిలకు తెలిసినంతలో ప్రేమ అనేది వేరే లేదు.

దుర్గయ్య కొన్నేళ్ల కింద ఒక మధ్యాహ్నం చేను గట్టున కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. జనగామ దవాఖానలో గుండె ఆగిందన్నారు. చావు ఇంటికి వచ్చిన వాళ్లంతా ఎల్లక్క చెయ్యి పట్టుకుని ఒకటే మాట అన్నారు, నువ్వు ఆ నీళ్లు పోయబట్టే ఆయన ఇన్నాళ్లన్నా ఉన్నాడు అని. ఎల్లక్క ఆ మాట పట్టుకునే బతుకుతోంది. ఆ మాట పట్టుకునే ఊళ్లో కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు వాయిలాకు నీళ్లు ఎట్లా కాచాలో, బీరపీచు ఎట్లా పట్టాలో నేర్పింది. ఇప్పుడు మందు కొట్టేది కొడుకు భాస్కర్. అతనికి నీళ్లు పోసేది కోడలు స్వరూప, అచ్చం అత్త పోసినట్టే.

వరంగల్‌లో, మనుషుల మీదకు రాకముందు పందితోలు మీద చేసిన పరీక్షల్లో, ఉడుకునీళ్ల సంగతి తేలిపోయింది. వేడికి చర్మం తలుపులు తెరుస్తుంది. గట్టిగా రుద్దితే దాని కాపలా పొర లేచిపోతుంది. పైన ఉండాల్సిన విషం లోపలికి దారి పడుతుంది. ఆ రోజు టేపులన్నీ పచ్చగా మెరుస్తుంటే అఖిల దీపం ఆర్పేసి ఆ చీకట్లోనే కూర్చుండిపోయింది. ప్రభుదాస్ వచ్చి ఏమైందని అడిగితే, తల్లిని తలుచుకుని, "మా అవ్వ గిట్లనే పోసేది అన్నా" అని మాత్రం అంది.

ఇప్పుడు ఊళ్లో అదే పరీక్ష చెయ్యాలి. చెయ్యకపోతే తమ్ముడి ఒంట్లోకి రోజూ విషం దిగుతుంది. చేస్తే తల్లి దగ్గర మిగిలిన ఒక్కటీ పోతుంది. ఈ రెంటి మధ్యా పడి ఆమె రెండు వారాలు ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేసింది. బతుకమ్మ పండుగ కూడా అయిపోయి, చివరి మందులు కొట్టే రోజులు వచ్చాక ఇక సాకులు దొరకలేదు.

ఆదివారం నాడు బడిలో ఒక గదికి కిటికీలన్నీ టార్పాలిన్ కట్టి చీకటి చేశారు. మందు కొట్టే మగవాళ్లు వచ్చారు, వాళ్లకన్నా ఎక్కువగా ఆడవాళ్లు వచ్చారు. ఎల్లక్క పెట్టెలోని మంచి చీర కట్టుకుని వచ్చింది. స్వరూపా ఆమే చెరో పక్కా పట్టుకుని కాగును అట్లాగే మోసుకొచ్చారు, ఆకుతో సహా. బిడ్డ పరీక్షలో తన నీళ్లు కూడా ఉన్నాయని పొద్దటి నుంచీ కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంది పాపం.

భాస్కర్ రెండు ముంజేతులకూ రంగునూనె పూశారు. ఎడమ చేతిని ప్రభుదాస్ ముందు పొడిగుడ్డతో అద్ది, తర్వాత చల్లటి నీళ్లు, సబ్బు నురుగుతో మెత్తగా కడిగాడు. కుడి చెయ్యి ఎల్లక్కది. ఆమె కొంగు నడుముకు చెక్కి, ఉడుకునీళ్లు పోసి, బీరపీచుతో తన పాత జోరులోనే రుద్దింది. భాస్కర్ ముఖం చిట్లించాడు. నాయిన ముఖమే అది. అఖిల చూడలేక దీపం తీగ సర్దుతున్నట్టు తల వంచుకుంది.

తలుపు మూసి దీపం వేశారు. ఎడమ చేతి మీద అక్కడక్కడా సన్నటి పచ్చచుక్కలు మిగిలాయి. కుడి చెయ్యి మాత్రం కడిగిన పలక మాదిరి నల్లగా, ఒక్క చుక్క లేకుండా ఉంది.

గదిలో ఆడవాళ్లు ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఎల్లక్క నిజంగానే నీళ్లతో మనుషులను నిలబెట్టింది అన్నదొకామె. ఎల్లక్క గొప్పకు పోలేదు గాని, ఆ నీలం వెలుతురులో కూడా ఆమె ముఖం విప్పారడం కనపడింది. "మీ నాయిన ఉంటే సూడాలె" అంది కూతురితో.

ప్రభుదాస్ చేతిలో టేపు పట్టుకుని ఆగాడు. అఖిల చెవి దగ్గరికి వంగి, "అక్కా, అందరిని చాయ్‌కి పంపుదమా? టేపులు మనిద్దరం తీసుకుందం" అని మెల్లగా అన్నాడు. మంచి మనిషి. ఆమెకు దారి చూపిస్తున్నాడు. తర్వాత ఎప్పుడో స్వరూపను పక్కకు పిలిచి, ఇక చల్లనీళ్లే పోయమని గుట్టుగా చెప్పవచ్చు. అవ్వకు తెలియకుండా గడిచిపోవచ్చు. సరే అనడానికి అఖిల నోరు తెరిచింది కూడా.

అప్పుడే స్వరూప, మొగుడి కుడి చేతిని వేళ్లతో తడిమి చూస్తూ, "నేను రుద్దేది సాలుత లేదత్తా. రేపటి సంది ఇంకింత గట్టిగ రుద్దుత" అంది. వెనక నిలబడ్డ కోడళ్లు కూడా తలలూపారు.

అఖిల టేపు తన చేతిలోకి తీసుకుంది.

ముందు ఎడమ చెయ్యి. మొదటి టేపు మీద పైన కనపడ్డ చుక్కలే వచ్చాయి. దాని తర్వాతవి నల్లగా వచ్చాయి. తర్వాత కుడి చెయ్యి. మొదటిది మసకగా మెరిసింది. రెండోది ఇంకాస్త మెరిసింది. తీస్తున్నకొద్దీ మెరుస్తూనే ఉన్నాయి. వాటిని వరసగా నల్లకాగితం మీద అతికిస్తుంటే గదిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకుండా పోయింది. అయినా ఆమె చెప్పింది. వేడికి చర్మం ఎట్లా తెరుచుకుంటుందో, పీచుతో రుద్దితే ఏమవుతుందో, పొడిగుడ్డతో ముందు ఎందుకు అద్దాలో, అన్నీ చెప్పింది. దీపం వైపు చూస్తూ చెప్పింది. తల్లి వైపు చూస్తే మాట రాదని తెలుసు.

ఎల్లక్క కాగితం దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"అంటే, నేను రుద్దినకొద్ది లోపటికి పోయిందా?"

"పోయిందవ్వా."

"మీ నాయినకు సుత?"

అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో ఆమెకే తెలుసు. "పోయే ఉంటదవ్వా" అంది. ఆ తర్వాత ఆగకుండా, "కని నాయిన ఎందుకు పోయిండో ఎవలకు తెల్వది. చేతులకు తొడుగు లేకుంట, మూతికి గుడ్డ లేకుంట ఏండ్లకేండ్లు కొట్టిండు. తడిసిన అంగీతోటి పొద్దంత ఉన్నడు. దాంట్ల నీ నీళ్లది ఎంత అంటే ఏ దీపం సెప్పది. నాకు గూడ తెల్వది" అంది.

ఎల్లక్క ఏడవలేదు. కాగులో మిగిలిన నీళ్లు బడి వెనక పారబోసి, ఆకు దులిపి, ఒక్కతే కాగు చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

ఆ రాత్రి అన్నం వండింది, అందరికీ పెట్టింది, తానూ తిన్నది. అఖిల ప్రభుదాస్‌ను వరంగల్ బస్సు ఎక్కించి తాను ఉండిపోయింది. మరుసటి రోజు పొద్దంతా తల్లి వెనకాలే తిరిగింది, చిన్నప్పటిలాగే. చదువుకున్నదని ఊరంతా గౌరవించే మనిషికి, తల్లిని ఓదార్చే ఒక్క మాట తెలియకపోవడం ఆమెకు సిగ్గనిపించింది.

సాయంత్రం భాస్కర్ చివరి మందు కొట్టడానికి చేనుకు పోయాడు. పొద్దు వాలుతుండగా జాలారి వైపు నుంచి పొగ లేచింది. అఖిల అటు ఉరికింది. పోయి చూస్తే మూడు రాళ్ల మీద కాగు, కింద పత్తికట్టె మంట, నీళ్లల్లో వాయిలాకు. ఎల్లక్క పొయ్యి ముందు కూర్చుని ఎగదోస్తోంది. నిన్న చెప్పినదంతా గాలికి పోయిందా అనుకుంది అఖిల. అడగడానికి ధైర్యం చాలక దడి పక్కన నిలబడింది.

భాస్కర్ పంపుతో వచ్చాడు. ఎల్లక్క లేచి అతన్ని దడి దగ్గరే ఆపింది. అంగీ అక్కడే విప్పించింది. స్వరూపను పిలిచి, తాను తెచ్చిన గుడ్డపేలికలు చేతికిచ్చింది. అవి దుర్గయ్య దోతి పేలికలు. ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ దోతిని ఇన్నేళ్లూ పెట్టె అడుగున దాచుకున్నది, మధ్యాహ్నం ఎప్పుడో చింపిందన్నమాట. "రుద్దకు. అద్దు. అద్ది తీసి అవతల పెట్టు, ఇంకోటి తీస్కో" అని కోడలికి చెప్పి, తాను కూడా ఒక పేలికతో కొడుకు మెడ మీద, చెవుల వెనక మెల్లగా అద్దింది. తర్వాత గోలెంలోని చల్లటి నీళ్లు, సబ్బు. చలి మొదలైన రోజులు కావడంతో భాస్కర్ గజగజ వణికాడు. స్వరూప నవ్వింది. ఎల్లక్క మాత్రం నవ్వలేదు, అతని చేతివేళ్ల సందుల్లో ఇంకోసారి చూసి, పొమ్మంది.

భాస్కర్, స్వరూప లోపలికి పోయారు. కాగు ఇంకా మరుగుతోంది.

"నువ్వు రా" అంది ఎల్లక్క కూతురితో. "నీకు ఏ మందు అంటలే గద. ఉడుకు నీళ్లతోటి నీకేం గాదు గద."

ఏం కాదన్నట్టు అఖిల తలూపింది. ఎదిగిన మనిషి, పదిమందికి పాఠం చెప్పే మనిషి, పాత చీర చుట్టుకుని జాలారి రాయి మీద, తండ్రి కూర్చునే చోటనే, మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుంది. ఎల్లక్క కాగులోని నీళ్లు బకెట్‌లోకి వంచి చెంబు ముంచింది. నీళ్లు వీపు మీద పడీపడగానే ఆకు వాసన కమ్ముకుంది. మంట వెలుగు, ఆవిరి, తల్లి గాజుల చప్పుడు, అన్నీ ఉన్నాయి. దడి దగ్గర "రాకు బిడ్డా" అనే గొంతు ఒక్కటే లేదు. అఖిలకు ఏడుపు ఆగలేదు. తడి ముఖం గనుక ఎవరికీ తెలియదనుకుంది. తల్లికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? అయినా ఎల్లక్క బీరపీచు తీసుకుని వీపు రుద్దింది.

నీళ్లు నిజంగానే కాలుతున్నాయి. రెండో చెంబు భుజం మీద పడేసరికి ఆమె నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"జర సల్ల నీళ్లు కలుపవే."

పీచు రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

అన్నది తన నోరే అయినా, ఆ మాట ఎవరిదో అఖిలకు అప్పుడు తెలిసింది. వెనక్కి తిరగడానికి భయమేసింది. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"గిట్లనే అడుగుతుండె మీ నాయిన" అంది ఎల్లక్క. "దినాం అడుగుతుండె. ఒక్కనాడన్న కలుపక పోతిని."

లేచి గోలెం దగ్గరికి పోయింది. చల్లనీళ్లు ముంచుకొచ్చి బకెట్‌లో పోసింది. చెయ్యి పెట్టి చూసి, చాలదని మళ్లీ పోయి ఇంకో చెంబు తెచ్చింది. కలిపిన నీళ్లు కొంచెం కూతురి భుజం మీద పోసి ఆగింది.

"ఇప్పుడు సాలునా?"

"సాలవ్వా."

ఇంకో చెంబు ముంచి, పోసేముందు మళ్లీ అడిగింది. బకెట్ ఖాళీ అయ్యేదాకా ప్రతి చెంబుకూ అడుగుతూనే ఉంది.